ఒక్క పంపు ఎయిర్ పిస్టల్: కొనడం నుంచి సీలు మార్చడం దాకా

లివర్ ఒక్కసారి తెరిచి మూస్తే చాలు, ఒక షాట్‌కి కావలసిన గాలి సిద్ధం. గ్యాస్ సిలిండర్ నింపించుకునే పని లేదు, స్ప్రింగు కుదుపు లేదు. సింగిల్ స్ట్రోక్ న్యూమాటిక్ పిస్టల్ అంటే ఇంతే. లోపల కదిలే భాగాలు తక్కువ కాబట్టి సరిగ్గా చూసుకుంటే దశాబ్దాలు పనిచేస్తుంది. నేను చూసినంతలో ఈ పిస్టళ్ళలో పట్టించుకోక పాడైనవి కొన్నే. కనిపించిన నూనె అల్లా పోసి, అవసరం లేకపోయినా విప్పి పాడుచేసినవే ఎక్కువ. అందుకే ఈ మార్గదర్శిలో ఏం చెయ్యాలో ఎంత చెప్తానో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో కూడా అంతే గట్టిగా చెప్తాను.

ముందుగా ఒక మాట. ఎయిర్ పిస్టల్ కొనడానికి, దగ్గర ఉంచుకోవడానికి ఒక్కోచోట ఒక్కో చట్టం ఉంటుంది. వయసు, శక్తి పరిమితి, లైసెన్సు, రవాణా, ఇవన్నీ మీరున్న చోట ఎలా ఉన్నాయో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

లోపల ఏం జరుగుతుంది

ఇది అర్థమైతే తర్వాత చెప్పే ప్రతి జాగ్రత్తకీ కారణం మీకే తెలిసిపోతుంది.

లివర్ తెరిచినప్పుడు పిస్టన్ వెనక్కి జరుగుతుంది. పూర్తిగా చివరికి చేరాక పిస్టన్ కదిలే గొట్టంలోకి, అంటే సిలిండర్‌లోకి, బయటి గాలి నిండుతుంది. మూసేటప్పుడు ఆ గాలంతా వాల్వ్ ముందున్న చిన్న ఖాళీలోకి నొక్కుకుపోతుంది. లివర్ లాక్ అవుతుంది, గాలి అక్కడే ఆగి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే వాల్వ్ తెరుచుకుని గాలి పెల్లెట్ (చిన్న సీసపు గుండు) వెనక్కి చేరి దాన్ని బ్యారెల్‌లోంచి తోసేస్తుంది. షాట్ సమయంలో బరువైన పిస్టన్ ఏదీ కదలదు. చేతికి కుదుపు దాదాపు తెలియకపోవడానికి అదే కారణం. స్ప్రింగు పిస్టల్‌లో అయితే పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే పిస్టన్ పరుగెత్తి పిస్టల్‌ని కదిలిస్తుంది.

శక్తి తక్కువే. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 120 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి 3.6 జౌళ్ళు. 10 మీటర్ల దూరంలో కాగితం మీద గురి చూసి కొట్టడానికి ఇది చాలు. వేటకు మాత్రం పనికిరాదు, ఆ ఉద్దేశంతో కొనకండి. అలాగని ఆటబొమ్మ అనుకోవడమూ తప్పే. ఈ వేగంతో వచ్చిన పెల్లెట్ కన్ను పోగొట్టగలదు.

ఇక అసలు సంగతి. ఈ పిస్టల్‌కి దొరికేది ఒక్క సిలిండర్ నిండా గాలి, ఒకేసారి. తగ్గితే ఇంకోసారి కొట్టి సర్దుకునే వీలు లేదు. అందుకే మూడు విషయాలు షాట్ బలాన్ని నిర్ణయిస్తాయి. మొదటిది, సిలిండర్ పూర్తిగా నిండిందా. రెండోది, నొక్కేటప్పుడు పిస్టన్ చుట్టూ గాలిని ఆపే సీలు పక్కనుంచి గాలి జారిపోయిందా. మూడోది చాలామందికి తట్టదు: లివర్ పూర్తిగా మూసుకున్నాక పిస్టన్ ముఖానికీ వాల్వ్‌కీ మధ్య ఎంత ఖాళీ మిగిలింది. ఉదాహరణకు ఆ ఖాళీ పొడవు 2 మిల్లీమీటర్లు ఉండాల్సింది 2.2 అయిందనుకోండి. గాలి అంతే, చోటు పది శాతం పెరిగింది. ఒత్తిడి ఆ మేరకు పడిపోతుంది. లివర్ పిన్నుల దగ్గర వెంట్రుకవాసి అరుగుదల కూడా వేగాన్ని తగ్గించేది ఇలాగే. సీలు కొత్తది వేసినా వేగం రాలేదంటే ముందు ఈ పిన్నులనే అనుమానించాలి.

బయటి గాలి పలచగా ఉన్నా తేడా వస్తుంది. సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సుమారు ఆరో వంతు తక్కువ. అక్కడ పిస్టల్ కాస్త నెమ్మదిగా కొడితే అది రిపేరు చెయ్యాల్సిన లోపం కాదు.

ఏది కొనాలి

1960ల చివర్లో జర్మనీ కంపెనీ వాల్టర్ తెచ్చిన ఎల్‌పీ2 ఈ తరహా పోటీ పిస్టళ్ళలో తొలితరానిది. తర్వాత ఎల్‌పీ3, ఫైన్‌వెర్క్‌బౌ 100 వరుస, పార్డినీ కె58 వచ్చాయి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ 1988 సియోల్‌లో ఒలింపిక్స్‌లోకి అడుగుపెట్టింది. ఆ తర్వాతి కాలంలో పెద్ద పోటీలు ముందే నింపిన గాలి సిలిండర్ల పిస్టళ్ళ వైపు మళ్ళాయి. 60 షాట్ల పోటీలో ప్రతి షాట్‌కీ లివర్ వేసే శ్రమ, ప్రతిసారీ పట్టు సడలించి మళ్ళీ సర్దుకోవడం అనే ఇబ్బంది సిలిండర్‌తో పోతాయి. కానీ సిలిండర్‌కి గడువుంటుంది, చాలా కంపెనీలు పదేళ్ళంటాయి. నింపడానికి పంపో, పెద్ద ట్యాంకో కావాలి. ఇంట్లో ఒంటరిగా సాధన చేసేవాళ్ళకి ఒక్క పంపు పిస్టలే హాయి అని నా గట్టి అభిప్రాయం.

వీటిలో రెండు రకాలు. పైభాగం మొత్తం ముందుకు లేచేవి (ఆ పైభాగమే లివర్) ఒకటి: వైరాఖ్ హెచ్‌డబ్ల్యూ40, హెచ్‌డబ్ల్యూ75, గామో కాంపాక్ట్ లాంటివి. చిన్నగా, తేలిగ్గా ఉంటాయి, కాకపోతే మూసేటప్పుడు చివరి కొద్ది దూరంలో బాగా బలం పెట్టాలి. కిందో పక్కనో పొడవాటి లివర్ ఉన్నవి రెండోది: బైకాల్ ఇజ్-46ఎం, ఫైన్‌వెర్క్‌బౌ 103 లాంటివి. లివర్ పొడవు కాబట్టి శ్రమ తక్కువ, గంటసేపు కొట్టినా చెయ్యి అంతగా అలిసిపోదు. మణికట్టులో బలం తక్కువున్నవాళ్ళు కొనేముందు కనీసం ఇరవై ముప్ఫైసార్లు లివర్ వేసి చూడాలి. మొదటి మూడుసార్లు సులువుగానే ఉంటుంది, అసలు సంగతి తర్వాత తెలుస్తుంది.

పిడి కుడిచేతిదా ఎడమచేతిదా చూసుకోండి. అరచేతికి అచ్చుపోసినట్టుండే చెక్క పిడి రెండో చేతికి అస్సలు కుదరదు. పోటీల మీద ఆశ ఉంటే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పెట్టిన కొలతలు గుర్తుంచుకోండి: 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, బరువు 1,500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలం, 500 గ్రాములకు తగ్గకూడదు. మొత్తం పిస్టల్ 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి.

సెకండ్ హ్యాండ్‌ది కొంటుంటే అమ్మేవాళ్ళ ముందే ఈ వరుసలో చూడండి. ముందు స్క్రూల తలలు. అవి చితికి ఉంటే ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా విప్పారని అర్థం, మిగతావన్నీ రెట్టింపు జాగ్రత్తగా చూడాలి. తర్వాత లివర్‌ని సగం తెరిచి అటూ ఇటూ కదిపి పిన్నుల దగ్గర వదులు ఉందేమో పట్టుకోండి. బ్యారెల్ మూతి అంచు మీద గీతలు, నొక్కులు ఉండకూడదు. ఆ తర్వాత పెల్లెట్ లేకుండా గాలి పట్టి, పిస్టల్‌ని సురక్షితమైన వైపు ఉంచి ఐదు నిమిషాలు ఆగండి, అప్పుడు ట్రిగ్గర్ నొక్కండి. శబ్దం వెంటనే కొట్టినప్పటిలాగే గట్టిగా రావాలి. మెత్తగా ఉస్సుమంటే సీలు మార్చాల్సిందే. అది పెద్ద ఖర్చు కాదు గానీ ఆ మోడల్ సీళ్ళు ఇంకా దొరుకుతున్నాయో లేదో తెలుసుకున్నాకే బేరం ఖాయం చేసుకోండి. తయారీ ఆగిపోయిన పిస్టల్‌కి విడిభాగాలే ప్రాణం.

లివర్ వెయ్యడం, పెల్లెట్ పెట్టడం

ఈ పిస్టల్ వాడకంలో సగం నైపుణ్యం ఇక్కడే ఉంది.

పిస్టల్ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే. లివర్ వేసేటప్పుడు శ్రమలో తెలియకుండానే మూతి పక్కకో, సొంత మోకాలి వైపో తిరుగుతుంది. కాబట్టి ముందు మూతి ఎటుందో చూసి, తర్వాతే బలం పెట్టండి. చూపుడు వేలు ట్రిగ్గర్ గార్డు బయట, నిటారుగా ఉండాలి.

1. లివర్‌ని ఆగేదాకా పూర్తిగా తెరవండి. చివర్లో ఒక చిన్న తగులు తెలుస్తుంది. అక్కడికి చేరకుండా వెనక్కి మూస్తే సిలిండర్ సగమే నిండుతుంది, ఆ షాట్ టార్గెట్ మీద కిందికి జారుతుంది.

2. ఆ చివర్లో అర సెకను ఆగండి, గాలి లోపలికి వచ్చే వ్యవధి ఇవ్వండి.

3. లివర్‌ని ఒకే ఊపున, నిదానంగా, మధ్యలో ఆపకుండా మూయండి. మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంచుకుని భుజం బలంతో తోస్తే మణికట్టు నొప్పి రాదు. అరచేతి మడమతో తొయ్యండి, వేళ్ళని లివర్‌కీ ఫ్రేముకీ మధ్యకి పోనివ్వకండి.

4. లాక్ పడిన శబ్దం వినిపించేదాకా చెయ్యి తియ్యొద్దు. చివరి కొద్ది సెంటీమీటర్లలో లోపలి గాలి లివర్‌ని బలంగా వెనక్కి తోస్తుంటుంది. అక్కడ చెయ్యి జారితే లివర్ ఎగిరి తెరుచుకుంటుంది, వేలు నలుగుతుంది, కీలు వంగినా వంగుతుంది.

5. పెల్లెట్‌ని స్కర్టు (దాని విప్పారిన పలచటి అంచు) వెనక్కి వచ్చేలా పెట్టి, బ్రీచ్ (పెల్లెట్ పెట్టే బ్యారెల్ వెనక కొస) అంచుతో సమంగా ఉండేదాకా బొటనవేలితో మెల్లగా నొక్కండి. బయటికి పొడుచుకుని ఉంటే మూసినప్పుడు స్కర్టు నలిగిపోతుంది.

పైభాగం లేచే మోడళ్ళలో లివర్ మూయకముందే పెల్లెట్ పెట్టాలి, వేరే దారి లేదు. బ్రీచ్ విడిగా తెరుచుకునే మోడళ్ళలో మాత్రం మాన్యువల్ ఒప్పుకుంటే ముందు గాలి పట్టి, ఆఖర్న పెల్లెట్ పెట్టండి. బలంగా తోసే సమయంలో పిస్టల్ ఖాళీగా ఉండడం ఎప్పుడూ మంచిదే.

గాలి పట్టాక షాట్‌కి మధ్య సమయం కూడా ముఖ్యం. సైకిల్ పంపు కొడితే అడుగు వేడెక్కినట్టే ఇక్కడా నొక్కిన గాలి వేడెక్కుతుంది. క్షణాలు గడిచేకొద్దీ అది చల్లబడి ఒత్తిడి కొంచెం దిగుతుంది. ఒక షాట్ ఐదు సెకన్లకీ, ఇంకోటి నిమిషానికీ కొడితే రెండూ ఒకేలా వెళ్ళవు. పది పదిహేను సెకన్ల ఒక లయ పెట్టుకుని అదే పాటించండి. గురి కుదరక దించేశారా, పిస్టల్‌ని చేతిలోనే ఉంచుకుని కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తండి. గాలి పట్టిన పిస్టల్‌ని బల్ల మీద పెట్టి ఫోన్ ఎత్తడానికి మాత్రం వెళ్ళొద్దు. మానెయ్యాలనుకుంటే టార్గెట్ వెనక పెల్లెట్లని పట్టే పెట్టెలోకి, అంటే ట్రాప్‌లోకి కొట్టేసి, ఖాళీ చేసి, లివర్ కొంచెం తెరిచి పెట్టండి. ఖాళీగా ఉందని చూసేవాళ్ళకి దూరం నుంచే తెలుస్తుంది.

పెల్లెట్ లేకుండా గాలి వదిలినా ఈ పిస్టల్‌కి హాని లేదు. స్ప్రింగు పిస్టల్‌లో పిస్టన్ వెళ్ళి గోడకి కొట్టుకుంటుంది, ఇందులో కొట్టుకోవడానికి ఏమీ లేదు. అయినా ప్రతి ఖాళీ షాట్‌నీ నిండు షాట్‌లాగే చూడాలి. గాలి పట్టకుండా ట్రిగ్గర్ సాధన చేసే ఏర్పాటు చాలా టార్గెట్ మోడళ్ళలో ఉంటుంది. మీ మాన్యువల్‌లో అది వెతికి వాడుకోండి, దాని విలువ అంతా ఇంతా కాదు.

పెల్లెట్లు, ట్రాప్, చేతులు

కాగితం టార్గెట్‌కి ముందుభాగం చదునుగా ఉండే వాడ్‌కట్టర్ పెల్లెట్లే వాడాలి. గుండ్రటి రంధ్రం శుభ్రంగా పడుతుంది, స్కోరు చదవడం తేలిక. ఈ తక్కువ శక్తికి 0.45 నుంచి 0.53 గ్రాముల బరువు సరిపోతుంది. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 పిస్టల్ రకం 0.45 గ్రాములు, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ పిస్టల్ 0.49 గ్రాములు. తల వ్యాసంలో 4.49, 4.50 లాంటి తేడాలుంటాయి. ఏది మీ బ్యారెల్‌కి నచ్చుతుందో కొట్టి చూడాల్సిందే. ముంజేతిని ఇసుక సంచి మీద ఆనించి ఒక్కో రకంతో ఐదేసి షాట్లు, ఒక్కో రకానికి కనీసం మూడు గుంపులు (ఒక్కో ఐదు షాట్ల రంధ్రాలు కలిపి ఒక గుంపు). ఒక్క గుంపు చూసి తీర్పు ఇవ్వకండి. రకం మార్చినప్పుడల్లా బ్యారెల్ కొత్త సీసానికి అలవాటు పడడానికి పది షాట్లు లెక్కలోకి తీసుకోకుండా వదిలెయ్యండి.

స్టీలు గుండ్లు, సూదిమొన డార్టులు ఈ బ్యారెల్‌లో పెట్టొద్దు. మెత్తని సీసం కోసం చేసిన రైఫ్లింగ్ గాడుల్ని అవి గీసేస్తాయి. ట్రాప్‌లోంచి ఏరిన పెల్లెట్లు మళ్ళీ వాడడం కూడా అంతే.

ట్రాప్ వెనక పలక ఏటవాలుగా ఉండి పెల్లెట్లని కిందికి మళ్ళించాలి. వెనక గోడకి అదనంగా మందపాటి చెక్కో, బరువైన దుప్పటో ఉంటే నయం. అక్కడున్న అందరికీ రక్షణ కళ్ళజోళ్ళు తప్పనిసరి. సీసం విషయం తేలిగ్గా తీసుకోకండి. కొడుతున్నంతసేపు తినడం తాగడం వద్దు, పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు అసలే వద్దు. అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ట్రాప్ దగ్గరి బూడిదరంగు దుమ్ముని చీపురుతో ఊడ్చకుండా తడిబట్టతో తుడిచి, ఆ బట్ట పారెయ్యండి. పిల్లలున్న ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం.

సైటు, ట్రిగ్గర్ సర్దుబాటు

ముందు గుంపు కుదరాలి, ఆ తర్వాతే సైటు (గురి చూసే భాగం) ముట్టుకోవాలి. షాట్లు చెదిరిపోతుండగా సైటు తిప్పితే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు. వెనక సైటుని గుంపు ఎటు వెళ్ళాలో అటే జరపాలి: ఎడమకి పడుతుంటే కుడికి, కిందికి పడుతుంటే పైకి. స్క్రూ మీద ఉండే అక్షరాలని నమ్మేసెయ్యకండి. కొన్ని కంపెనీల గుర్తు "ఇటు వెళ్తుంది" అని చెప్తే, కొన్నింటిది "ఇటు పడుతుంటే ఇలా తిప్పు" అని చెప్తుంది. ఒకసారి నాలుగు క్లిక్కులు తిప్పి ఐదు షాట్లు కొట్టి చూసి, ఏది ఎటో పుస్తకంలో రాసిపెట్టుకోండి.

ట్రిగ్గర్ బరువు చూడడానికి 500 గ్రాముల తూకం చాలు. పిస్టల్‌లో పెల్లెట్ లేకుండా, మూతి సురక్షితంగా పైకి ఉంచి, ట్రిగ్గర్ మధ్యభాగానికి తూకం తగిలించి మెల్లగా ఎత్తాలి. ట్రిగ్గర్ విడవకుండా తూకం నేల మీంచి లేస్తే ట్రిగ్గర్ నియమానికి సరిపోయినట్టే. స్క్రూలని ఒకసారికి పావుచుట్టు మించి తిప్పకండి, మొదట అవి ఎక్కడున్నాయో ఫోటో తీసుకోండి. సర్దాక గాలి పట్టి, పెల్లెట్ లేకుండా పిడి మీద అరచేత్తో కొన్ని దెబ్బలు వేసి చూడండి. తనంతట తానే పేలితే ట్రిగ్గర్ మరీ తేలికైపోయింది, వెంటనే బిగించాలి. వెన్నలా జారే ట్రిగ్గర్ మీద మోజుతో సియర్లని (ట్రిగ్గర్ విడిపించే కొక్కేలని) ఆకురాయితో అరగదీసేవాళ్ళున్నారు. ఆ పని చెయ్యకండి. గట్టిపరిచిన పై పొర పోయాక ఆ భాగం ఇక నమ్మదగ్గది కాదు.

నూనె: ఏది, ఎక్కడ, ఎంత

ఎక్కువ పిస్టళ్ళు దెబ్బతినేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

రబ్బరు సీళ్ళకి స్వచ్ఛమైన సిలికాన్ ఆయిలో, సిలికాన్ గ్రీజో వాడాలి. డబ్బా మీద ద్రావకం కలిసిందని ఉంటే వద్దు. స్ప్రేల్లో చాలావాటిలో అది ఉంటుంది. డబ్ల్యూడీ-40 లాంటివి మంచి గ్రీజుని కడిగేసి తాము ఆవిరైపోతాయి, లోపల ఎండిపోయిన సీలు మిగులుతుంది. ఇంట్లో ఉన్న కుట్టుమిషను నూనె, వంటనూనె సిలిండర్‌లోకి పోనివ్వకండి. సీళ్ళు సాధారణంగా నైట్రైల్ రబ్బరువో పాలీయురేథేన్‌వో ఉంటాయి కాబట్టి సిలికాన్ సరిపోతుంది. ఎవరైనా సిలికాన్ రబ్బరు ఓ-రింగు (గుండ్రటి రింగు సీలు) వేసి ఉంటే మాత్రం అదే సిలికాన్ ఆయిల్ దాన్ని ఉబ్బిస్తుంది.

ఇనుము మీద ఇనుము రాసుకునే చోట, అంటే లివర్ పిన్నులు, కీళ్ళ దగ్గర, సిలికాన్ పనికిరాదు. అది అక్కడ అరుగుదలని ఆపలేదు. మాలిబ్డినం గ్రీజు అగ్గిపుల్ల మొనతో అద్దినంత చాలు. ఇందాక చెప్పిన పది శాతం లెక్క గుర్తుందిగా, ఆ పిన్నులని అరగనివ్వకపోవడమే ఈ పిస్టల్ వేగాన్ని కాపాడుకోవడం.

ఎంత వెయ్యాలి? లివర్ తెరిచినప్పుడు పిస్టన్ కనిపించే మోడల్ అయితే సీలు అంచు మీద ఒక్క చుక్క. తర్వాత నాలుగైదుసార్లు గాలి పట్టి ఖాళీగా వదిలితే అది పరుచుకుంటుంది. కొన్ని వందల షాట్లకి ఒకసారి, లేదా మూసేటప్పుడు పొడిగా కిర్రుమన్నప్పుడు వేస్తే చాలు. రెండో చుక్క వేస్తే అది వాల్వ్‌లోంచి బ్యారెల్‌లోకి చేరుతుంది, తర్వాతి ఇరవై ముప్ఫై షాట్లు ఎక్కడ పడతాయో చెప్పలేం. మూతి దగ్గర సన్నటి పొగమంచులా కనిపిస్తే నూనె ఎక్కువైందన్న మాట. ట్రిగ్గర్ భాగాల్లో నూనె పొయ్యొద్దు. దుమ్ముతో కలిసి జిగురు కడుతుంది.

బ్యారెల్

ఈ వేగంలో సీసం బ్యారెల్‌కి అంత త్వరగా అంటుకోదు. ప్రతివారం కడగడం అనవసరం. గుంపులు మెల్లగా పెద్దవవుతున్నాయని అనిపించినప్పుడు బ్రీచ్ వైపు నుంచి దారం కట్టిన మెత్తని గుడ్డముక్కని లాగండి. మొదటిది నల్లగా, మూడోది బూడిదరంగులో, ఐదోది దాదాపు తెల్లగా వస్తే పనైపోయినట్టే. శుభ్రం చెయ్యడానికి వాడే మెత్తటి ఫెల్ట్ పెల్లెట్లు రెండేసి కలిపి కొట్టడం కూడా మంచి పద్ధతే. ఇత్తడి బ్రష్షులు, ఇనప కడ్డీలు వద్దు. మూతి వైపు నుంచి కడ్డీ దూర్చితే మూతి అంచు అరుగుతుంది, పెల్లెట్ బయటపడే ఆఖరి క్షణంలో దాన్ని నడిపించేది ఆ అంచే. శుభ్రం చేసే ద్రావకం బ్రీచ్ సీలుకి తగలనివ్వకండి.

వేగం తగ్గితే: లీకు ఎక్కడుందో పట్టుకోవడం

చేతనైతే పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఒకటి కొనుక్కోండి. పిస్టల్ బాగున్న రోజు పది షాట్ల వేగం రాసిపెట్టుకుంటే తర్వాత దేనితో పోల్చాలో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఒక్క పంపు పిస్టల్‌లో షాట్‌కీ షాట్‌కీ తేడా సెకనుకు రెండు మూడు మీటర్లకి మించదు.

సగటు పడిపోయిందా? ముందు గాలి పట్టి వెంటనే ఒకటి, ఐదు నిమిషాలు ఆగి ఇంకోటి కొట్టండి. రెండూ దాదాపు ఒకేలా తక్కువగా ఉంటే నిలవలో లీకు లేదు. గాలి పట్టేటప్పుడే పోతోంది, లేదా షాట్ సమయంలో బ్రీచ్ దగ్గర పోతోంది. రెండోది మరీ బలహీనమైతే వాల్వో, పిస్టన్ సీలో మెల్లగా కారుతోంది.

బ్రీచ్ పరీక్ష సులువు. పలచటి టిష్యూ పేలికని బ్రీచ్ అతుకు మీద వేసి కొట్టండి. పేలిక ఎగిరితే బ్రీచ్ ఓ-రింగు పోయినట్టే. ఇది అన్నిటికంటే చవకైన, సులువైన మరమ్మతు కాబట్టి ముందు ఇదే చూడండి. వాల్వ్ సంగతి చూడడానికి, బ్రీచ్ విడిగా తెరుచుకునే మోడళ్ళలో పెల్లెట్ లేకుండా గాలి పట్టి, గాలి వచ్చే రంధ్రం మీద ఒక చుక్క సిలికాన్ ఆయిల్ పెట్టండి. బుడగలు లేస్తే వాల్వ్ కారుతోంది. ముఖం, చెవి మూతి దగ్గరికి పోనివ్వొద్దు, ఖాళీగా ఉన్నా సరే. లివర్ మూసేటప్పుడు మునుపటి బిగువు లేకుండా తేలిగ్గా పోతుంటే పిస్టన్ సీలు అరిగింది.

వాల్వ్ దగ్గర సన్నటి లీకుకి ఒక్కోసారి చిన్న నలుసే కారణం. విప్పకముందు పది పదిహేను ఖాళీ షాట్లు వరసగా కొట్టి చూడండి, ఆ గాలికే కొట్టుకుపోవచ్చు. చాలా రోజులు వాడని పిస్టల్‌లో సీలు మీద ఒక చుక్క వేసి, రాత్రంతా గాలి లేకుండా వదిలి, మర్నాడు చూసినా కోలుకోవచ్చు. ఈ రెండూ చెయ్యకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

సీలు మార్చడం

విప్పక తప్పదనుకున్నాక మీ మోడల్ విడిభాగాల బొమ్మ సంపాదించండి. సీళ్ళ కిట్ చేతికొచ్చాకే మొదలుపెట్టండి. గాలి లేదని, పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకోండి. తెల్లటి గుడ్డ పరిచి, తీసిన ప్రతి భాగాన్నీ తీసిన వరుసలో, తీసిన దిక్కులోనే పెట్టండి, అడుగడుగునా ఫోటో తియ్యండి. పెద్ద మెయిన్ స్ప్రింగు ఇందులో ఉండదు గానీ సుత్తి స్ప్రింగు, చిన్న క్లిప్పులు ఎగిరిపోతాయి. కళ్ళజోడు తియ్యొద్దు, విప్పే పని పారదర్శక ప్లాస్టిక్ సంచిలోపల చేస్తే ఎగిరినవి అందులోనే దొరుకుతాయి.

పాత ఓ-రింగుని చెక్క టూత్‌పిక్‌తో లేపండి. ఇనప సూది గాడిని గీస్తే కొత్త రింగు కూడా అక్కడే కారుతుంది. తీసిన రింగుని వేళ్ళ మధ్య వంచి చూడండి. సన్నటి పగుళ్ళు కనిపిస్తే వయసైపోయింది. పాలీయురేథేన్ సీలైతే తేమకి కొన్నేళ్ళలో జున్నులా పొడిపొడి అవుతుంది, ఆ ముక్కలు సిలిండర్‌లోనూ వాల్వ్ దారిలోనూ అంటుకుని ఉంటాయి. వాటిని ఒక్కటీ వదలకుండా నూలుపోగులు రాలని గుడ్డతో తుడవాలి.

కొత్త రింగుకి సిలికాన్ గ్రీజు పలచగా, మెరుపు వచ్చేంత మాత్రమే రాయండి. సిలిండర్‌లోకి దించేటప్పుడు రంధ్రాల అంచులు రింగుని కోసేస్తాయి. అలాంటి చోట మెల్లగా తిప్పుతూ, టూత్‌పిక్ మొండి కొసతో రబ్బరుని లోపలికి నొక్కుతూ దాటించండి. ఒక్క చిన్న గాటు పడినా పని మళ్ళీ మొదటికే. కిట్ దొరక్క బయట ఓ-రింగు కొంటే లోపలి వ్యాసం, మందం, గట్టిదనం మూడూ కుదరాలి. మందం కొంచెం ఎక్కువైనది వేస్తే బిగువు పెరిగినట్టనిపిస్తుంది గానీ లివర్ బరువెక్కుతుంది, రింగు త్వరగా చిరుగుతుంది.

బిగించాక వెంటనే పెల్లెట్ పెట్టకండి. ఇరవై ముప్ఫైసార్లు ఖాళీగా గాలి పట్టి వదిలి, ఆ తర్వాత ఐదు నిమిషాల పరీక్ష మళ్ళీ చేసి, వేగం రాసుకోండి. కొత్త సీలు కుదురుకోవడానికి వంద షాట్ల దాకా పట్టొచ్చు. ఈలోగా సైటు ముట్టుకోవద్దు.

దాచిపెట్టడం

గాలి పట్టి ఎప్పుడూ దాచకండి. సీలు ఒత్తిడిలోనే ఉండిపోయి ఆకారం మారుతుంది, పైగా ప్రమాదం. చెమట చేతులతో ముట్టుకున్న ఇనప భాగాలని పలచటి నూనెగుడ్డతో తుడవండి, ఆ గుడ్డ చెక్క పిడికి తగలనివ్వకండి. నురుగు పెట్టె తేమని పట్టి ఉంచుతుంది, నెలల తరబడి అందులో మూసి ఉంచితే తుప్పు మచ్చలు వస్తాయి. సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలంలో దాన్ని ఆరబెడుతూ ఉండండి. పిస్టల్ ఒక తాళంలో, పెల్లెట్లు ఇంకో తాళంలో ఉండాలి, పిల్లలకి ఆ తాళాల జాడ తెలియకూడదు. వాడకపోయినా రెండు నెలలకోసారి తీసి ఐదారుసార్లు గాలి పట్టి వదలండి. సీలు ఒకే చోట అతుక్కుపోకుండా, దాని మీది ఆయిల్ ఎండిపోకుండా ఉంటుంది. తీసిన ప్రతిసారీ మొదట లివర్ తెరిచి బ్రీచ్‌లోకి చూడండి, ఖాళీగా పెట్టానని మీకు ఎంత బాగా గుర్తున్నా సరే.